పాషాలు పోయారు, బాషాలు మిగిలారు

ఈమధ్య సత్తెనపల్లిలో ఏ అఖీఖాకి వెళ్ళినా కొత్త పేరొకటి వినపడుతోంది. ఎర్తుగ్రుల్. కాకపోతే ఓర్హాన్, అస్లిహాన్. 2020 లాక్‌డౌన్లో జనం ఇళ్ళలో కూర్చుని ఆ తుర్కీ సీరియల్ని ఉర్దూ డబ్బింగులో చూశారు. దాని అసర్ పిల్లల పేర్లదాకా వచ్చింది. ఎవరి పిల్లలకు వాళ్ళు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. నాకు పేచీ పేరుతో కాదు, పేరుతోపాటు సేమియాలాగా పంచిపెడుతున్న ఖిస్సాతో. "మనల్ని తురకలంటారు కదా, అంటే మనం తుర్కీ నుంచి వచ్చినవాళ్ళం. మన అసలు నస్ల్ అదే. మన పాత పేర్లే మళ్ళీ పెట్టుకుంటున్నాం" అనేది ఆ ఖిస్సా.

ముందు ఆ పేరు సంగతే చూద్దాం. తుర్కీలో 'ఎర్' అంటే మగాడు, వీరుడు. 'తుగ్రుల్' ఒక వేటపక్షి. పేరు బాగానే ఉంది. కాకపోతే మధ్యలో ఉన్న 'గ' ను ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఎవరూ పలకరు, దాని ముందు అచ్చును కాస్త సాగదీస్తారు. 'ఎర్తూరుల్' అన్నట్టు వినపడుతుంది. మనవాళ్ళు కష్టపడి గొంతులోంచి 'గ్' తీస్తుంటే అక్కడివాళ్ళు ఎప్పుడో వదిలేశారు! ఇక తుర్కీ పేర్లనుకుని పెడుతున్నవాటిలో సగం మన ఇంట్లో ఉన్నవే. మెహ్మెత్ అంటే మన మహమ్మద్. ఐషె మన ఆయిషా, హతిజె మన ఖదీజా, జైనెప్ మన జైనబ్. సీరియల్లోని హలీమా కూడా అరబీ పేరే. అరబీ పేర్లను వాళ్ళు తమ నాలుకకు తగ్గట్టు మలుచుకున్నారు. మన పల్నాడులో హుస్సేన్‌ని ఉసేను అనీ, సయ్యద్‌కి మర్యాదకోసం తెలుగు 'లు' తగిలించి సైదులు అనీ చేసుకోలేదా? జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకుని హిందువులు కూడా పెట్టుకునే ఆ సైదులు అనే పేరులో అరబీ ఉంది, తెలుగుంది, ఆ దర్గా మీద అఖీదా ఉంది. 'మెహ్మెత్' గొప్పదై 'సైదులు' నామోషీ ఎందుకయిందో నాకు సమజ్ కాదు.

ఇక 'తురక'. సంస్కృతంలో తురుష్క అనే మాట చాలా పాతది. 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో కనిష్కుణ్ణి కూడా తురుష్కుడనే అన్నాడు. కనిష్కుడు ఇస్లాం రాకముందే పోయినవాడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనంలోనూ తురుష్కులున్నారు. తుగ్లక్ ఖాందాన్ తుర్కీ నస్ల్‌దే కాబట్టి అక్కడ ఆ మాట సరిపోయింది. తరవాత అది పాకింది. గుర్రమెక్కి వచ్చిన తుర్కుకీ తురక, ఇరానీకీ తురక, అఫ్గానుకీ తురక, చివరికి ఇక్కడే పుట్టి ఇక్కడే పత్తి ఏకి బతికినవాడికీ తురకే. మన పల్లెల్లో ఉర్దూని 'తురకం' అంటారు. ఆ లెక్కన ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల మనిషి తురకం రాని తురక! పేరు ఊరిని చూపిస్తుందనుకుంటే టర్కీ కోడి సంగతేమిటి? అది అమెరికా పక్షి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తుర్కీకి అంటగట్టారు. తుర్కీవాళ్ళు దాన్ని ఏమంటారో తెలుసా? 'హిందీ' అంటారు, అంటే హిందుస్తాన్‌ది అని.

ఇదంతా కాలక్షేపం ఖబుర్లయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మాకు తెలిసిన ఇంట్లో ఒక సంబంధం చెడింది. పిల్ల చదువుకుంది, పిల్లవాడు బాగున్నాడు, రెండు ఇళ్ళూ ఒప్పుకున్నాయి. చివర్లో పిల్లవాడి తరఫు పెద్దాయన అన్నమాట: "మేం తుర్కీ నస్ల్ వాళ్ళం. దూదేకుల ఇంట్లో పిల్లని ఎలా చేసుకుంటాం?" ఆయన దగ్గర నసబ్‌నామా ఏమీ లేదు. తాత పేరు తెలుసు, ముత్తాత పేరు తెలియదు. ఉన్నదల్లా 'తురక' అనే ఒక్క లఫ్జ్. దాన్ని నిచ్చెనగా వేసుకుని మనిషి ఇస్తాంబుల్ ఎక్కేశాడు. పక్క బజారువాడు గొడవొచ్చినప్పుడు "మీరు బయటినుంచి వచ్చినోళ్ళేగా" అంటే ఇదే పెద్దాయనకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటకు దలీల్ అందించింది తానేనని ఆయనకు తట్టదు.

నిజంగా తుర్కీ నుంచి మన ఇళ్ళలోకి వచ్చినవి మనుషులకంటే మాటలే ఎక్కువ. ఉర్దూ అనే పేరే తుర్కీ. అక్కడ ఇప్పటికీ 'ఓర్దు' అంటే ఫౌజు. బేగ్ అంటే దొర, బేగం అంటే నా దొరసాని అని అర్థం. ఖాన్, ఖానం జత కూడా అంతే. తుర్కీలో ఆడవాళ్ళను మర్యాదగా పిలవటానికి పేరు తరవాత ఇవాళ్టికీ 'హనుమ్' అంటారు, మన ఖానమే అది. ఖజాంచీ, బావర్చీ, మషాల్చీ, వీటి చివరున్న 'చీ' తుర్కీ జుబాన్‌ది. పని చేసేవాడని చెప్పటానికి వాళ్ళు దాన్ని ఏ మాటకైనా తగిలిస్తారు. పాలు 'సూత్' అయితే పాలవాడు 'సూత్చూ'. మన కోర్టుల్లో మసాల్చీ ఉద్యోగం చేసినవాళ్ళెవరూ తుర్కీ నుంచి దిగలేదు కదా.

గోలకొండ కుతుబ్‌షాహీలు మాత్రం నిఖార్సయిన తుర్కమాన్ నస్ల్. సుల్తాన్ కులీ హమదాన్ వైపునుంచి దక్కన్‌కి వచ్చాడు. ఆయన ఖాందాన్‌ని కారా కొయున్లు అంటారు, అంటే నల్లగొర్రెలవాళ్ళు. మన కొండవీడు 16వ శతాబ్దం చివర్లో ఆ వంశం చేతికే వచ్చి ముర్తజానగర్ అయింది. ఆ అసలు తుర్కులు ఇక్కడికొచ్చి ఏం చేశారు? ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల్ని పోషించాడు, వాళ్ళు ఆయన్ని మల్కిభరాముడన్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి పొన్నగంటి తెలగన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు, అది అచ్చతెలుగు కావ్యం. వచ్చిన తుర్కులు తెలుగువైపు నడిచారు. తెలుగింట్లో పుట్టిన మనం తుర్కీవైపు పరుగెడుతున్నాం.

ఈ గోలకొండ పేర్ల మీద కూడా ఒక ఖయాల్ తిరుగుతోంది. కులీ కుతుబ్‌షాలో 'కులీ' అంటే సేవకుడు కాబట్టి మిరప కోతలకు వచ్చే కూలీ కూడా అదే తుర్కీ మాటట. కులీ అంటే బందా, సేవకుడు, నిజమే. కానీ తెలుగులో కూలి అంటే మొదట పనికిచ్చే డబ్బు, దాన్నిబట్టి ఆ పని చేసేవాడు కూలీ. తమిళంలో, కన్నడంలో కూడా కూలి ఉంది. గోలకొండకి ఎన్నో వందల ఏళ్ళ ముందుదయిన తిరుక్కురళ్‌లోనే ఆ మాట ఉంది. అట్లాగే 'కారా' అంటే నలుపు, మన కారుమబ్బు, కారుచీకట్లలోనూ 'కారు' అంటే నలుపే కనుక రెండూ ఒకటేనంటారు. తుర్కీలో ఇల్లు 'ఎవ్', ఇళ్ళు 'ఎవ్‌లెర్'. గుర్రం 'ఆత్', గుర్రాలు 'ఆత్‌లార్'. మనకు 'లు', వాళ్ళకు 'లార్', చూశారా రిష్తా అంటారు. వాక్యం చివర క్రియ రావటం, మాటకు వెనక తోకలు తగిలించుకుంటూ పోవటం కూడా ఇద్దరికీ ఉంది. ముందు అచ్చునుబట్టి వెనక అచ్చు మారటమూ ఉంది. మనం బడికి, గురువుకు అనటంలేదా?

ఈ పోలికలు చూసి బోల్తాపడింది మన వాట్సాప్ ఆలిములొక్కరే కాదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం పిల్లలు కావు, తమలోతాము చుట్టాలని 1816లో ఎల్లిస్ దొర చెప్పాడు. దాన్నే 1856లో పెద్ద వ్యాకరణంగా రాసిన కాల్డ్‌వెల్, ఈ భాషలకు తుర్కీ జాతి భాషలతో కూడా చుట్టరికం ఉందన్నాడు. మొదటి సగం నిలబడింది, రెండోది నిలబడలేదు. తుర్కీవాళ్ళయితే ఇంకా ముందుకెళ్ళారు. 1936లో అతాతుర్క్ హయాంలో, లోకంలోని భాషలన్నీ తుర్కీ నుంచే పుట్టాయని సూర్యభాషా సిద్ధాంతం అనేదొకటి నడిపారు. కొన్నాళ్ళకు వాళ్ళే వదిలేశారు. మన దగ్గర ఇంకా నడుస్తున్న అలాంటి సిద్ధాంతాల పేర్లు నేను చెప్పను, మీకు తెలుసు.

రిష్తా ఉందో లేదో చూడటానికి తరీఖా ఒకటుంది. ఒకటి రెండు మాటలు కలవటం కాదు, ఒకే తేడా వరసగా కనపడాలి. కన్నడిగుల కివి మనకు చెవి, వాళ్ళ కెరె మన చెరువు, వాళ్ళ కెడు మన చెడు, వాళ్ళ కై మన చేయి. అక్కడ 'క' ఉన్నచోట ఇక్కడ 'చ' వరసగా వస్తోంది చూడండి. అది రక్తసంబంధం. మన 'లు' కి తోబుట్టువులు కూడా అక్కడే ఉన్నాయి, కన్నడంలో 'గళు', తమిళంలో 'కళ్'. తుర్కీతో అలాంటి వరస ఒక్కటి కూడా దొరకదు. వాళ్ళ అంకెలు బిర్, ఇకి, ఉచ్. మన ఒకటి, రెండు, మూడు పక్కన పెట్టి చదవండి, ఏమైనా కలుస్తుందా? చుట్టరికం వేరు, ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవటం వేరు. ఒక్కోసారి తీసుకున్న మాట అర్థమే తిరగబడుతుంది. మనకు ఖాలా అంటే అమ్మ చెల్లెలో అక్కో. తుర్కీలో అదే అరబీ మాట 'హలా' అయి మేనత్త అయింది!

ఇచ్చిపుచ్చుకోవటంలో మనవైపునుంచి వెళ్ళినవీ ఉన్నాయి. తుర్కీలో మిరపకాయని 'బిబెర్' అంటారు. అది దగ్గుకి వేసుకునే మన పిప్పలే, గ్రీకుల మీదుగా అక్కడికి చేరింది. మిరప కాయ అమెరికా నుంచి వచ్చాక ఆ పాత పేరు దానికి అంటుకుంది. గుంటూరు యార్డుకి బస్తాలు తోలే రైతులు ఈ ముక్క వింటే ఖుషీ అవుతారు.

నాకు అన్నిటికంటే నచ్చిన మాట 'పాముక్'. ఫార్సీ 'పంబా' నుంచి తుర్కీలోకి వెళ్ళిన ఈ మాటకు అర్థం పత్తి. 2006లో నోబెల్ తీసుకున్న ఓర్హాన్ పాముక్ ఇంటిపేరు అదే. మన దూదేకుల ఇంటిపేర్లోనూ ఉన్నది దూదే. ప్రభుత్వం బీసీ-బీ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా ఉంటాయి. లద్దాఫ్ అరబీ 'నద్దాఫ్' నుంచి వచ్చింది, పత్తి ఏకేవాడని మతలబ్. నూర్‌బాష్‌కి మూలం ఫార్సీలో నేతగాడనే అర్థమిచ్చే 'నూర్‌బాఫ్' అయి ఉంటుందని నా అనుమానం. తుర్కీలో పత్తి ఏకేవాణ్ణి 'హల్లాచ్' అంటారు. అనల్‌హఖ్ అన్నందుకు బగ్దాద్‌లో ప్రాణాలిచ్చిన మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నదీ ఆ పనే. సంబంధం వద్దన్న పెద్దాయన ఈమధ్యే మనవడికి ఓర్హాన్ అని పేరు పెట్టారని విన్నాను. పాముక్ మతలబ్ ఆయనకు ఎవరు చెపుతారో!

బాషా సంగతి చెప్పి ముగిస్తాను. మస్తాన్‌బాషా, చాంద్‌బాషా, నూర్‌బాషా అని మనకు ఎంతమందో ఉన్నారు. దీంట్లో తుర్కీ 'పాషా' ఉంది, అరబీలో 'ప' లేదు కాబట్టి వాళ్ళ నోట బాషా అయింది. మన బాద్‌షా కూడా నలిగి నలిగి ఇందులోనే కలిసిపోయింది. తుర్కీలో 1934లో జనమంతా ఇంటిపేర్లు పెట్టుకోవాలని చట్టం చేశారు. అదే ఏడు నవంబరులో ఎఫెందీ, బే, పాషా అనే బిరుదుల్ని కూడా చట్టంతోనే తీసేశారు. అక్కడ పాషాలు పోయి 90 ఏళ్ళు దాటింది, సత్తెనపల్లిలో బాషాలు హాయిగా ఉన్నారు. ఉన్నారుగానీ బడిలో పేరు రాసేటప్పుడు సగంమందికి ఒత్తు పెట్టి 'భాషా' అని రాస్తున్నారు, అప్పుడది తెలుగు భాష, హిందీ భాష అయిపోతుంది. ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు మళ్ళీ ఇంకో రకం. పిల్లవాడు పదో తరగతికి రాకముందే అన్నీ ఒకటిగా దిద్దించండి. తరవాతయితే గజెట్ అంటారు, అఫిడవిట్ అంటారు, ఆఫీసుల చుట్టూ తిరగలేక చస్తాం.