పరామర్శకూ పథ్యం ఉండాలి

ఆప్తులు అనారోగ్యంతో ఉన్నారని తెలిసిన వెంటనే వెళ్ళి పలకరించి రావడం మన కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ ఆచారాన్ని నేను చులకన చేయను. పక్షవాతం వల్ల కుడిచేయి, కుడికాలు స్వాధీనం తప్పి, మాట తడబడి, పునరావాస వైద్యశాలలో ఏడు వారాలు గడిపిన నాకు పలకరింపు విలువ తెలుసు. దానివల్ల కలిగే చేటు కూడా తెలుసు. ఔషధానికి, ఆహారానికి ఉన్నట్లే పరామర్శకూ పథ్యం ఉండాలని నా అభిప్రాయం.

మామూలు ఆసుపత్రిలో రోగి విశ్రాంతి తీసుకుంటాడు. పునరావాస వైద్యశాలలో రోగి శ్రమించాలి. ఉదయం నడక అభ్యాసం, ఆపైన చెంచా పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, సాయంత్రం మాటల అభ్యాసం. మెదడుకు దెబ్బ తగిలినవారు కొద్దిపాటి శ్రమకే డస్సిపోతారు కనుక నడుమ దొరికే విశ్రాంతి కూడా చికిత్సలో భాగమే. మధ్యాహ్నం వేళ ఆరుగురు ఒక్కసారిగా మంచం చుట్టూ చేరితే ఆనాటి సాయంత్రపు అభ్యాసం వ్యర్థమైనట్లే.

చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన నాలుగు గుణాలలో ఒకటి నిర్భయత్వం. రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ప్రధానమైనదని కూడా ఆ గ్రంథమే చెప్పింది. “మా తోడల్లుడికి అచ్చం ఇలాగే వచ్చింది, ఆరు నెలలు కూడా తిరగలేదు” అని నిట్టూర్చి వెళ్ళేవారు రోగికి అత్యవసరమైన ధైర్యాన్నే హరిస్తున్నారు.

మాట తడబడినంత మాత్రాన తెలివి పోయినట్లు కాదు. నా ఎదుటనే నా భార్యను “మనుషుల్ని గుర్తుపడుతున్నారా?” అని అడిగినవారు ఎందరో! రోగికి ఎదురుగా కూర్చుని, ఒక్కరే, నిదానంగా మాట్లాడండి. అవునో కాదో చెబితే సరిపోయే ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి, మీరే అందించకండి.

రోగిని చూడడానికి వట్టిచేతులతో వెళ్ళరాదంటారు. కాని పక్షవాత రోగులలో చాలామందికి మింగే శక్తి దెబ్బతింటుంది. అటువంటివారికి ప్రేమతో పట్టించిన కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు. నర్సును అడగనిదే గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకూడదు. పావురం రక్తం పూయమని, ఊరూపేరూ లేని పసరు తాగించమని చెప్పడం ఆయుర్వేదం కాదు. రోగి బలాన్ని, దోషాన్ని పరిశీలించి వైద్యుడు నిర్ణయించేదే ఆయుర్వేదం. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవారికి చాటుగా ఇచ్చే మందు ప్రమాదకరం. అలాగే, లేవదీయాలని పడిపోయిన చేతిని పట్టి లాగకండి. భుజం కీలు తప్పే అవకాశం ఉంది.

మరి ఏమి చేయాలి? చూసి పోయేవారుగా కాక పరిచారకులుగా రండి. పరిచారకుడికి చరకుడు చెప్పిన గుణాలలో సేవ తెలియడం, నేర్పు, శుచిత్వంతోపాటు రోగి పట్ల అనురాగం కూడా ఉంది. మా మేనల్లుడు ప్రతి ఆదివారం వచ్చి, స్నానం చేసి కాసేపు నిద్రపోయి రమ్మని నా భార్యను ఇంటికి పంపేవాడు. నాకు వార్తాపత్రిక చదివి వినిపించేవాడు. నా చేత ఒక్కొక్క మాట పలికించేవాడు. ఆ రెండు గంటలు మా ఇద్దరికీ మందులాగే పనిచేశాయి.

కనుక గృహస్థులకు నా మనవి. ముందుగా కబురు చేసి, అభ్యాసం లేని వేళ చూసి వెళ్ళండి. ఇద్దరికి మించకుండా, పావుగంటకు మించకుండా ఉండండి. జలుబు, దగ్గు ఉంటే మానుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి వారంలోనే బాధ్యత తీరిందనుకోకండి. ఈ జబ్బు నుండి కోలుకోవడానికి నెలలు పడుతుంది. రోగి ఇల్లు చేరిన మూడో నెలలో గుమ్మం తొక్కేవారే కనిపించరు. అప్పుడు వెళ్ళండి. చేయి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి.