పెద్దవాళ్ల బాత్రూంకు సెన్సర్ లైటు



మనిషి కదలికను పసిగట్టి తనంతట తానే వెలిగే సెన్సర్ లైట్లు అపార్ట్‌మెంట్ల సెల్లార్లకూ మెట్ల దగ్గరకూ లిఫ్టు ముందుకూ ఎప్పుడో వచ్చేశాయి. వాటి అవసరం అన్నిటికంటే ఎక్కువున్న చోటు ఇంట్లో పెద్దవాళ్లు వాడే బాత్రూం. అది మాత్రం చాలా ఇళ్లలో ఇంకా పాత స్విచ్చు మీదే నడుస్తోంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు, పాతది బాగుచేయించుకునేవాళ్లు ముందుగా ఆ ఒక్క గదికైనా ఈ లైటు పెట్టించాలి.

అమ్మేవాళ్లు మొదట చెప్పేది కరెంటు ఆదా గురించి. ఆ లెక్కలో పెద్ద బలం లేదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజూ రాత్రి 10 గంటలు ఆర్పకుండా వదిలేసినా నెలకు అయ్యేది 2.7 యూనిట్లే. సెన్సర్ కూడా ఊరికే ఉండదు. అర వాటు చొప్పున తీసుకుంటే అదే నెలకు 0.36 యూనిట్ తాగుతుంది. నెలకు 18 యూనిట్లు కాల్చిన 60 వాట్ల పాత బల్బు రోజుల్లో అయితే ఆ మాట చెల్లేది.

అసలు ప్రయోజనం రాత్రి రెండు గంటలప్పుడు తెలుస్తుంది. మన ఇళ్లలో బాత్రూం స్విచ్చు ఎక్కువగా తలుపు బయట, గీజరు స్విచ్చు పక్కనే ఉంటుంది. నిద్రమత్తులో లేచిన పెద్దాయన గోడ తడుముతూ ఏదో ఒకటి నొక్కుతాడు. గీజరు ఎర్రదీపం వెలుగుతుంది, లైటు వెలగదు. విసుగొచ్చి చీకట్లోనే అడుగేస్తాడు. గడప దాటగానే నేల అంగుళమో రెండంగుళాలో పల్లం, దాని మీద ఇంకా ఆరని తడి. కాలు జారేది అక్కడే. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, ఆపైన మంచం.

రాత్రంతా జీరో బల్బు వేసి ఉంచితే చాలదా అనవచ్చు. అది దారి చూపిస్తుంది గానీ, నేల మీద పరచుకున్న సబ్బునీళ్లను చూపించదు.

ఈ సెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఇన్‌ఫ్రారెడ్ రకం ఒంటి వేడిని కనిపెడుతుంది. వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలితేనే దానికి మనిషి ఉన్నట్టు. కమోడ్ మీద కదలకుండా కూర్చుంటే లైటు ఆరిపోతుంది. కూర్చున్నవాళ్లు గాల్లో చేతులు ఊపుకోవాల్సి వస్తుంది. నవ్వొచ్చే విషయమే అయినా, సెన్సర్ పెట్టించుకున్నవాళ్లు దాన్ని పీకించేసేది ఎక్కువగా దీనివల్లే. అందుకే ఆరే సమయం పది నిమిషాలకు తగ్గకుండా పెట్టాలి. సమయం మార్చుకునే వీలులేని రకం కొనకూడదు. అద్దం ఈ వేడి కిరణాలను ఆపేస్తుంది కాబట్టి షవర్ దగ్గర గాజు తలుపు ఉంటే దాని వెనక మనిషి సెన్సర్‌కు కనిపించడు. మే నెలలో రెంటచింతల లాంటి ఊళ్లలో గది వేడి ఒంటి వేడిని అందుకుంటే దీని చురుకు కూడా తగ్గుతుంది.

రెండోది మైక్రోవేవ్ రకం, దీన్నే రాడార్ సెన్సర్ అంటారు. వేడితో దీనికి పనిలేదు, చిన్న కదలికనూ పట్టుకుంటుంది. అయితే దీని తరంగాలు చెక్కతలుపును, పలుచని గోడను దాటిపోతాయి. వరండాలో ఎవరు నడిచినా బాత్రూంలో లైటు వెలగవచ్చు. అయినా పెద్దవాళ్ల బాత్రూంకు ఇదే మేలు. అనవసరంగా వెలిగే లైటుతో పోయేదేమీ లేదు, అవసరానికి వెలగని లైటుతోనే ప్రమాదం.

బిగించేటప్పుడు సెన్సర్ చూపు గడప మీద పడాలి, కాలు లోపల పెట్టకముందే వెలగాలి. రెండు వైర్లతో పనిచేసే సెన్సర్‌తో ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమనవచ్చు. న్యూట్రల్ కూడా ఇచ్చే మూడు వైర్ల రకమే మంచిది. సెన్సర్ ఎప్పుడైనా మొరాయిస్తే లైటు నేరుగా వెలిగేలా పాత స్విచ్చును ఉంచుకోవాలి. నీళ్లు చిందే చోటికి దూరంగా, తడిని తట్టుకునే ఐపీ 44 ఫిట్టింగే వాడాలి. ఇంటికి షాక్ నుంచి కాపాడే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ పనిలోనే పెట్టించుకోవడం మంచిది. ఇన్వర్టర్ ఉంటే ఈ లైటును ఆ లైన్లోకే కలపాలి. కరెంటు పోయిన రాత్రే కదా దీనితో అసలు పని. అర్ధరాత్రి కళ్లు చెదిరే తెల్లని వెలుగు నిద్రను చెడగొడుతుంది, పసుపు ఛాయ ఉన్న 2700 కెల్విన్ బల్బు చాలు. అద్దె ఇంట్లో గోడలు తవ్వే వీలుండదు కాబట్టి గడప పక్కన అంటించే రీచార్జి సెన్సర్ లైటు పెట్టుకోవచ్చు.

పండక్కి ఊరొచ్చే కొడుకులూ కూతుళ్లూ అమ్మానాన్నలకు టీవీలు, ఏసీలు కొనిస్తూనే ఉన్నారు. ఈసారి వచ్చినప్పుడు ఒక రాత్రి లైట్లన్నీ ఆర్పి, వాళ్ల మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా ఒకసారి నడిచి చూడాలి. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

— ఒక పాఠకుడు, గుంటూరు