జోడెడ్లూ, జంట కార్బురేటర్లూ

ఒకే కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి ముందుకు లాగి, రెండవది వెనుకబడితే ఏమవుతుందో సేద్యము చేసిన ఇంటివారికి మేము చెప్పనక్కరలేదు. చాలు వంకరపోతుంది. లాగే ఎద్దు మెడ కమిలిపోతుంది. లాగని ఎద్దుకు ములుకోల పోట్లు తప్పవు. రెండూ బలమైన ఎడ్లే కావచ్చు. అక్కడ కావలసినది బలము కాదు, జత కుదరడము. ఈ నెల మేము చెప్పబోయేది ఎడ్లను గురించి కాదు, మోటారు సైకిలును గురించి. అయినా సంగతి మాత్రము ఇదే.

గుడియాత్తములో మా అక్కగారి ఇంట ఒక పాత జపాను బండి వున్నది. బావగారు సింగపూరులో చాలకాలము వుద్యోగము చేసి, తిరిగి వచ్చేటప్పుడు ముచ్చటపడి తెచ్చుకొన్నది. దానికి రెండు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కార్బురేటరు. బావగారు పోయి ఆరేండ్లయినది. బండిని మా మేనల్లుడు కాపాడుకొంటూ వస్తున్నాడు. కిందటి ఆడి మాసములో దానికి జబ్బు చేసినది. నిలబెట్టి వుంచితే ఇంజను ఒకసారి పరుగెత్తుతుంది, ఒకసారి కునుకుతుంది. ఆక్సిలరేటరు వదిలితే సైలెన్సరులో టపటపమని పేలుతుంది. కుడివైపు గొట్టము ఎడమదానికన్నా ఎక్కువగా కాలుతుంది. చూచిన మెకానిక్కు ఒకాయన “ఇంజను అరిగిపోయినది, రీబోరు చేయవలె, పిస్టనులు రెండూ మార్చవలె” అన్నాడట. ఆ బండికి పిస్టనులు ఎక్కడ దొరుకుతాయి? దొరికినా డబ్బెంత? అక్కగారు విసిగిపోయి, “ఆయన పేరు చెప్పి ఇన్నాళ్లు వుంచుకొన్నాము, ఇక చాలు, తూకానికి వేసేయరా” అన్నారు.

ఆ మాట విన్న మరుసటి ఆదివారము మేనల్లుడు పళ్లికొండ మీదుగా, ముప్పై కిలోమీటర్లు దాటిన దారి, టపటపలాడించుకొంటూనే బాగాయములోని మా ఇంటికి వచ్చినాడు. ముఖము చూస్తే నిద్రపోయినట్లు లేదు. “మామయ్యా, అమ్మ అమ్మేయమంటున్నది. అంతకు ముందు మీరొకసారి చూడండి” అన్నాడు. సంచిలోనుండి రెండు వాక్యూమ్ గేజీలు తీసి అరుగుమీద పెట్టినాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పవలె. మన ఇండ్లలోని బండ్లు చాలవాటికి ఈ గేజీల అవసరమే లేదు. 1955లో తిరువొత్తియూరులో మొదలైన ఎన్‌ఫీల్డ్ కర్మాగారమునుండి వచ్చిన బుల్లెట్టు మనందరికీ తెలిసినదే. దానికి సిలిండరు ఒకటి, కార్బురేటరు ఒకటి. ఒంటి ఎద్దుకు జత కుదర్చడమేమిటి? 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి కార్బురేటర్లు రెండే అయినా అది టూ స్ట్రోకు బండి. అటువంటి బండ్లలో లోపలి స్లయిడులు రెండూ ఒకే ఎత్తున లేస్తున్నవా అని చూచి సరిచేయడమే వాడుక. ఇక 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్. 6 నియమాలు అమలులోకి రావడముతో కొత్త బండ్లలో కార్బురేటరే ఇంచుమించు కనుమరుగైనది. కనుక మేము చెప్పేది పాత ఫోర్ స్ట్రోకు జంట సిలిండర్ల బండ్లను దాచుకొన్నవారికి మాత్రమే. అయితే కడపట జరిగినది అందరికీ పనికివస్తుంది.

ఇంజను గాలిని పీల్చుకొంటుంది. ఆ దారికి అడ్డముగా కార్బురేటరులో ఒక రేకు తలుపు వుంటుంది. మనము ఆక్సిలరేటరు తిప్పితే తెరుచుకొనేది అదే. తలుపు దాదాపు మూసివుంటే దాని వెనుక ఇంజను వైపున పీల్పు హెచ్చుతుంది, తెరిస్తే తగ్గుతుంది. ఆ పీల్పును కొలిచేదే గేజీ. 1640లలో ఇటలీ దేశస్థుడు టారిసెల్లి గాలి ఒత్తిడిని 76 సెంటీమీటర్ల పాదరసపు కంబముతో తూచి చూపినాడు గదా, ఆ కొలతే నేటికీ గేజీలమీద వున్నది. మెల్లగా ఆడుతున్న ఇంజనులో 20 సెంటీమీటర్ల చుట్టుపట్ల ముల్లు నిలవడము సామాన్యము. ఇందులో కొత్తవారు పొరబడే చోటు ఒకటున్నది. ముల్లు ఎక్కువ చూపే సిలిండరే ఎక్కువ పని చేస్తున్నదని అనుకొంటారు. తలక్రిందులు సుమా! ముల్లు ఎక్కువ చూపితే ఆ వైపు తలుపు ఎక్కువ మూసుకొన్నదని అర్థము. వెనుకబడిన ఎద్దు అదే.

మొదట గేజీలకే పరీక్ష పెట్టినాము. రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి ఒకే సిలిండరుకు తగిలించి చూస్తే రెండూ ఒకే అంకె చూపినవి. చూపకుంటే ఎంత తేడాయో వ్రాసుకొంటే చాలు. మనకు కావలసినది అసలు అంకె కాదు, రెండు వైపులా ఒకే అంకె. ఆ తరువాత గాలి వడపోత, ప్లగ్గులు, టప్పెట్ల సందు, ఆక్సిలరేటరు తీగ వరుసగా చూచుకొన్నాము. ఇవి చూడకుండా కార్బురేటరు మరలు తిప్పడము, కాలిలో ముల్లు తీయకుండా ఎద్దును అదలించడమే.

బండిని ఊళ్లోని ఆసుపత్రిదాకా ఒకసారి తిప్పుకొని రమ్మన్నాము, ఇంజను బాగా వేడెక్కడానికి. తిరిగి వచ్చేసరికి చినుకులు పడుతున్నవి. మేనల్లుడు బండిని షెడ్డులోకి తోయబోతే మేము ఒప్పుకోలేదు. మూసిన చోట ఇంజను ఆడించితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తల తిరిగేసరికి లేచి బయటికి పోయే శక్తి వుండదు. చినుకులు ఆగేదాకా కాఫీ త్రాగి, వేపచెట్టు క్రిందనే నిలబెట్టి, ఇంజనుకెదురుగా టేబులు ఫ్యాను పెట్టినాము. కదలని బండికి గాలి తగలదు గనుక అది తప్పనిసరి.

ఒక్కొక్క కార్బురేటరుకు ఇంజనుకు మధ్య చిన్న ఇత్తడి ముక్కు వున్నది. దానిమీది రబ్బరు మూత తీసి గేజీ గొట్టము తొడిగినాము. ఇంజను ఆడించగానే ఆశ్చర్యము! పరుగులు లేవు, కునుకులు లేవు. ముళ్లు వణకక నిలిచినవి; అంటే వాల్వులు, రింగులు మరీ పాడుకాలేదన్నమాట. ఎడమ 20, కుడి 23 చూపినవి. రెండు కార్బురేటర్ల నడుమ వున్న మరను పావు చుట్టుకన్నా తక్కువ తిప్పినాము. ఆక్సిలరేటరు ఒకసారి విసరి వదిలి, ముళ్లు కుదుటపడ్డాక మళ్లీ చూచినాము. 21, 21. కొంచెము వేగము పెంచి చూచినా జత విడలేదు. లాక్ నట్టు బిగించి, గేజీలు తీసి, మూతలు పెట్టి, “పోయిరారా” అన్నాము.

తొరప్పాడిదాకా పోయి వచ్చినాడు. వచ్చేటప్పుడు వీధి మలుపులోనే వినబడినది, టపటపమని.

మళ్లీ గేజీలు తగిలించినాము. ఇంజను చెప్పినట్లు వింటున్నది. 21, 21. తీసినాము. మళ్లీ పేలుడు. మూడవసారి కూడ ఇదే వరుస. నిజము చెప్పవలెనంటే మేము అప్పటికే ఆ మెకానిక్కు చెప్పినదే నిజమేమో అనుకొని, స్క్రూడ్రైవరు క్రింద పెట్టినాము. మేనల్లుడు మాత్రము బండి ప్రక్కనే చతికిలబడి కూర్చొని, చాలసేపటికి, “మామయ్యా, గేజీ తగిలిస్తే బాగుంటున్నది, తీస్తే చెడుతున్నది. గేజీ వచ్చిన చోటనుండి ఏమి పోతున్నది?” అన్నాడు.

పోతున్నది రబ్బరు మూత. కుడివైపు మూతను చేతిలోకి తీసుకొని వంచి చూస్తే, వెంట్రుకవాసి చీలిక నోరు తెరిచినది. మామూలుగా చూస్తే కనబడదు. ముక్కుకు తొడిగి సాగదీసినప్పుడే తెరుచుకొంటుంది. అందులోనుండి దొంగగాలి లోపలికి పోతున్నది. పెట్రోలు అంతే, గాలి మాత్రము ఎక్కువ. అందుకే పేలుడు, అందుకే కుడి గొట్టము కాలడము. గేజీ గొట్టము తొడిగినప్పుడల్లా ఆ చిల్లి మూసుకొనిపోయి, జబ్బు వైద్యుని ముందర దాగుకొన్నట్లయినది. ఒక గొట్టపు ముక్కకు చివర మర బిగించి అప్పటికి మూసినాము. మరునాడు రెండు వైపులకూ కొత్త మూతలు వేసినాడు. ఒకే వయసు రబ్బరు గనుక రెండవదానిని నమ్మరాదు. వాటి వెల ఒక పూట టిఫినుకు కూడ రాదు. రీబోరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గేజీలు కొనలేనివారు నాలుగైదు మీటర్ల పారదర్శకపు గొట్టమును ఒక పలకమీద ‘యు’ ఆకారముగా బిగించి, అడుగున కొంచెము ఇంజను నూనె పోసి, రెండు కొనలు రెండు ముక్కులకు తొడగవచ్చును. నూనె రెండు వైపులా ఒకే మట్టముగా నిలిస్తే జత కుదిరినట్లే. పాదరసము నూనెకన్నా ఇంచుమించు 15 రెట్లు బరువు. కనుక పాదరసము 1 సెంటీమీటరు కదిలే తేడాకు నూనె 15 సెంటీమీటర్లు కదిలి, సూక్ష్మమైన తేడా కూడ పట్టిస్తుంది. తేడా మరీ ఎక్కువైతే నూనెను ఇంజను త్రాగేస్తుంది గనుక చేయి స్విచ్చి మీదనే వుంచవలె.

ఆ రోజున మేనల్లుడు మా అటకమీది పాత రక్తపోటు పెట్టె చూచి, “దీనిలో పాదరసము వున్నది గదా, అదే పోస్తే?” అన్నాడు. బాగాయములో ఆసుపత్రితో సంబంధము లేని ఇల్లు అరుదు. మా ఇంటావిడ నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మనిషి. ఆ పెట్టెను చేతిలోనుండి లాక్కొని, “పిల్లలు తిరిగే ఇంట్లోనా?” అని ఒక్క చూపు చూచినది. ఆమె మాటే సరి. ఇంజను పాదరసమును పీల్చితే అది ఆవిరియై పొగగొట్టముగుండా బయటికి వస్తుంది. ఆ ఆవిరికి వాసన లేదు, నరాలను తినేస్తుంది. పాదరసపు వాడకమును తగ్గించడానికి దేశాలు 2013లో మినమాటా ఒడంబడిక చేసుకొన్నవి. 2018లో మన దేశమూ దానిని ధ్రువపరచినది. ఇంట్లో అటువంటి పెట్టె వుంటే విప్పక, ఆసుపత్రివారికి అప్పగించండి.

ఆ మంగళవారము సాయంత్రము అక్కగారు ఫోను చేసినారు. బండిని గురించి ఏమీ అనలేదు. వంటింట్లో పని చేసుకొంటూ వుండగా వీధిలో బండి సద్దు వినబడి, చేయి కడుక్కొని వాకిట్లోకి వచ్చేదాకా కొడుకు సంగతే తోచలేదట. “ఆయనే వచ్చినారనుకొన్నానురా” అన్నారు.

మీ ఇంటనూ అటువంటి బండి వుంటే, మరలు తిప్పడానికి ముందు ఆ రబ్బరు మూతలను తీసి, వంచి, వెలుతురులో చూడండి.