పిల్లర్లు తీసేస్తే పైకప్పు నిలుస్తుందా?



గోదావరిఖని ప్రాంతంలో ఉన్న మనకు ఊళ్లు పోవడం కొత్త కాదు. ఓపెన్‌కాస్ట్ వచ్చిందంటే ఇల్లు, చేను, గుడి, చర్చి అన్నీ వదలాల్సిందే. కింద బొగ్గు ఉంది కాబట్టి కన్నీళ్లతో కదులుతాం. కానీ ఈమధ్య కూడికల కోసం ఒక పాత పట్టణానికి వెళ్లి మేము చూసింది వేరు. మిషనరీల కాలపు రాతి మందిరం ఉన్నచోట షట్టర్లు లేచాయి. కింద సెల్‌ఫోన్ల దుకాణాలు, పైన ఆరాధన. అక్కడ కింద బొగ్గు లేదు. ఎవరూ మనల్ని తరమలేదు. కమిటీ తీర్మానం చేసుకుని మనమే కూల్చుకున్నాం.

అడిగితే వెంటనే వాక్యం చూపిస్తారు. చేతులతో కట్టిన ఆలయాల్లో దేవుడు నివసించడని స్తెఫను చెప్పలేదా అంటారు (అపొ. కార్య. 7). చెప్పాడు. చెప్పి రాళ్లదెబ్బలు తిన్నాడు, షట్టర్లకు అడ్వాన్సు తీసుకోలేదు. కట్టడం ముఖ్యం కాదన్నవారు మళ్లీ అంత ఖర్చుతో కొత్త కట్టడం ఎందుకు లేపుతున్నారు?

యొర్దాను దాటాక పన్నెండు రాళ్లు నిలబెట్టమన్నది దేవుడే (యెహోషువ 4). రేపు పిల్లలు వీటి సంగతేమిటని అడిగితే చెప్పడానికి. ఆ రాళ్లు దేవుని అవసరం కోసం కాదు, మన పిల్లల కోసం.

మెదక్ చర్చినే చూడండి. పోస్నెట్ దొర కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి కట్టించిన మందిరం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ రాళ్లలో మన తాతల చెమట ఉంది. డోర్నకల్ చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు దానిని ఈ నేల గుమ్మటాలతో, స్తంభాలతో కట్టించారు. మనది పరాయి మతమనేవారికి అంతకంటే గట్టి జవాబేముంది? ఇవి నిలిచాయి. ఇలాంటి సాక్ష్యాన్నే చిన్న పట్టణాల్లో మనం చేజేతులా చెరుపుకుంటున్నాం.

పాతబడింది, కురుస్తోంది అంటారు. సికింద్రాబాద్‌లో 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి నేటికీ నిలిచి ఉంది కదా! సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఆగి గోడ పాడవుతుంది. ముందు మనమే పాడుచేసి, తర్వాత పాతబడిందంటాం.

సంఘం పెరిగిందా? దేవునికి స్తోత్రం. పక్కన ఇంకొకటి కట్టండి. కూల్చక ముందు మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఇంజనీరు చూశాడా? సంఘమంతటినీ అడిగారా? అద్దెల లెక్క ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే చెయ్యి ఎత్తకండి.

భూగర్భ గనుల్లో పనిచేసిన అన్నలకు ఈ సంగతి తెలుసు. డిపిల్లరింగ్‌లో బొగ్గు బాగానే వస్తుంది, టన్నుల లెక్కా బాగుంటుంది. వెనకాలే పైకప్పు కూలుతుంది. పితరులు నిలిపిన పిల్లర్లను అమ్ముకుని, మన పిల్లల తలమీద కప్పు నిలవాలని ప్రార్థిస్తే ఎలా?

దేవుడు మనకు మెలకువ దయచేయును గాక. ఆమేన్.