బరువు రాసుకునే ఫోనే వంట కూడా చెప్పాలి

ఆంధ్రప్రదేశ్ మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు,

2021 నుంచి అంగన్‌వాడీ టీచర్ల ఫోన్లలో పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది. పిల్లల ఎత్తు, బరువు అందులో ఎక్కిస్తున్నారు. మంచిదే. మొన్న మా వీధి కేంద్రంలో ఒక తల్లి ఏడాదిన్నర బిడ్డను చంకనేసుకుని ఆ ఫోన్‌లోకి తొంగి చూసింది. ‘‘బరువు తక్కువుందంటున్నావు సరే టీచరమ్మా, ఇంతకీ ఏం పెట్టమంటావు?’’ అంది. టీచర్ ఫోను పక్కన పెట్టేసింది. పప్పన్నం మెత్తగా మెదిపి చెంచాడు నూనె కలపమంది, ఉడికిన గుడ్డు పెట్టమంది, మునగాకు పప్పులో నిమ్మకాయ పిండమంది. టీ మాత్రం వద్దంది. నిమ్మలోని సి విటమిన్ వల్లే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ దానికి అడ్డం. ఇంత విలువైన మాట ఆ ఒక్క తల్లికే అందింది.

బరువు ఎక్కించగానే బిడ్డ వయసుకు తగ్గ అర నిమిషం మాట అదే ఫోన్‌లో వినిపించేలా చేయండి. పుస్తకాల తెలుగు వద్దు. అరకు కొండల్లో అయితే కువి భాషలోనూ ఉండాలి. సంతలో దొరికేవే చెప్పండి. ఓట్స్, అవకాడోలు మాకెందుకు? సిగ్నల్ లేకున్నా మోగాలి. తల్లి వాట్సాప్‌కూ పంపితే నాయనమ్మలు కూడా వింటారు, చాలా ఇళ్లలో గరిటె వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఇట్లు,
ఓ అమ్మమ్మ