ఆగగలవాడే సారథి

వాహనమును నడుపుట నేర్చినవాడెవడని అడిగినచో, దానిని వేగముగా తోలగలవాడని పెక్కురు బదులు చెప్పుదురు. నాకీ మాట సమ్మతము కాదు. కాలితో నొక్కినంతమాత్రమున యంత్రము పరుగెత్తును; అందు మానవుని గొప్పతన మేమియు లేదు. వలసినచోట దానిని ఆపగలవాడే నిజమైన సారథి. ఈ సత్యము శీతకాలమునందును, కొండదారులయందును మరింత తేటపడును.

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము ప్రాంతములు ఒకప్పుడు బండరాళ్లతో నిండిన బయళ్లు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు అచట హైటెక్ సిటీ పెరిగినది. నేడు లక్షలాది యువజనులు అచట కంప్యూటర్ల ముందు కూర్చుండి దేశదేశముల పనులు చేయుచున్నారు. వారమున ఐదు దినములు గడియారముతో పందెము వేసినట్లు పనిచేసి, శుక్రవారము రాత్రి కాగానే అనేకులు కార్లెక్కి విహారమునకు బయలుదేరుదురు. డిసెంబరు, జనవరి మాసములలో కొందరు అరకులోయకు, కొందరు లంబసింగికి, మరికొందరు హిమాలయములలోని మనాలికి మంచు చూడబోవుదురు. ఉద్యోగార్థమై అమెరికా చేరినవారిలో పెక్కురు మంచు కురియు నేలపైనే కాపురముందురు. ప్రకృతి శోభను చూడగోరుట తప్పుకాదు. మైదానమున అలవడిన వేగమును మూటగట్టుకొని పోవుట మాత్రము తప్పు.

మన నగరపు దారులు గడ్డకట్టవు. ఇచట శీతకాలమున మన శత్రువు పొగమంచు. హైదరాబాదును చుట్టి 158 కిలోమీటర్ల పొడవున ఔటర్ రింగ్ రోడ్డు కలదు. విశాలమైన ఆ దారి చూడగానే కాలు వేగమును కోరును. కాని చలికాలపు వేకువను పొగమంచు నేలకంటి నిలిచినప్పుడు, ముందు నిలిచిన లారీ సైతము దగ్గరకు పోవువరకు కంటబడదు. ఇచట కొంచెము లెక్క వేసి చూడుడు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు పోవును. అపాయమును కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకే ఒక సెకనైనను పట్టును. ఆ పిమ్మట పొడిదారిపై బండి నిలుచుటకు ఇంకను యాబది, అరువది మీటర్లు కావలెను. చూపు యాబది మీటర్లే ఆనుచున్నప్పుడు ఆ వేగమున పోవువాడు కన్నులు మూసికొని పోవుచున్నట్లే. వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింత లగును.

గడ్డకట్టిన దారులపై కష్టము ఇంతకంటె పెద్దది. బండిని నిలుపునది బ్రేకు ఒక్కటే కాదు. టైరునకు నేలకు గల పట్టు. మంచుగడ్డపై ఆ పట్టు పొడినేలపై ఉన్నదానిలో ఏడవవంతుకు పడిపోవచ్చును. అప్పుడు అరువది మీటర్లలో ఆగవలసిన బండి నాలుగువందల మీటర్ల వరకు జారిపోవును. అందును పారదర్శకమైన పలుచని మంచుపొర తారురోడ్డుపై పరచుకొన్నచో, అది తడిసిన దారివలె కనబడునే గాని మంచువలె కనబడదు. వంతెనలకు పైనను క్రిందను చల్లగాలి తగులుచుండుటచే, అవి నేలపై దారికంటె ముందుగా గడ్డకట్టును. 2024 డిసెంబరులో మనాలికి ఎగువన, సోలంగ్ లోయకును అటల్ సొరంగమునకును నడుమ, ఆకస్మికముగా కురిసిన మంచులో వందలాది వాహనములు చిక్కుకొనెను.

2021వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక్క దినము తేడాతో జరిగిన రెండు దుర్ఘటనలు మనము మరువరానివి. 11వ తేదీ వేకువను అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, ఫోర్ట్ వర్త్ నగరపు పెద్ద రహదారి గడ్డకట్టెను. డల్లాసు, ఫోర్ట్ వర్త్ ప్రాంతము వేలాది తెలుగు కుటుంబములకు నివాసము. ముందు జారిన బండ్లను చూచియు వెనుకవారు ఆపలేకపోయిరి. నూటికి పైగా వాహనములు ఒకదానిపై నొకటి పడెను, ఆరుగురు మరణించిరి. మరునాడు చీకటిపడిన వేళ, హైదరాబాదునుండి యాత్రకు పోయిన బస్సొకటి అరకు చూచి దిగి వచ్చుచు, అనంతగిరి సమీపమున డముకు దగ్గరి మలుపున అదుపు తప్పి లోయలో పడెను, నలుగురు మరణించిరి. అచటి దారిపై మంచుగడ్డ కలదు, ఇచట లేదు. కాని రెండుచోట్లను జరిగినది ఒక్కటే: ఆగవలసిన చోట బండి ఆగలేదు.

వేగము తెచ్చు కీడు నడుపువానితోనే పోవునా? అదియును లేదు. 2019 నవంబరు 23వ తేదీ పట్టపగలు, గచ్చిబౌలి దగ్గరి బయోడైవర్సిటీ కూడలిలో, ప్రారంభమై మూడు వారములైనను నిండని ఫ్లైఓవరుపై అతివేగముగా వచ్చిన కారొకటి మలుపున నిలువలేక క్రింది దారిపై పడెను. ఆ కారుతో ఏ సంబంధమును లేని ఒక స్త్రీ, క్రింద నిలిచియున్న పాపమునకు ప్రాణములు కోల్పోయెను.

“నేను ఆరితేరినవాడను, నాకేమియు కాదు” అని కొంద రందురు. నేర్పు గొప్పదే. ఘాట్ రోడ్డు దిగునప్పుడు ఎడతెగక బ్రేకు నొక్కినచో అది వేడెక్కి పట్టు కోల్పోవునని, చిన్న గేరులో ఇంజనుచేతనే బండిని పట్టియుంచవలెనని నేర్పుగలవా డెరుగును. కాని ఎంతటి నేర్పరియు మంచుగడ్డపై లేని పట్టును సృష్టింపలేడు. పొగమంచు గుండ చూడలేడు. “దారులు బాగుచేయవలసినది ప్రభుత్వము గదా” అని మరికొందరందురు. నిజమే. మలుపులకు గట్టి గోడలు, హెచ్చరిక పలకలు, దీపములు ఉండితీరవలెను. అయినను గోడ పడిపోవువానిని ఆపుటకే గాని, పరుగెత్తువానికి బుద్ధి చెప్పుటకు కాదు.

తొందరవలన దక్కు లాభమైనను ఎంత? నలుబది కిలోమీటర్ల కొండదారిని గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోయినచో ఒక గంట పట్టును. 60 వేగమున పోయినచో నలుబది నిమిషములు పట్టును. మిగిలినది ఇరువది నిమిషములు. ఇంటిల్లిపాది ప్రాణములను పణముగా ఒడ్డి గెలుచుకొను ధనమిది! తిరుమల కొండ దారులలో, నియమించిన కాలముకంటె ముందుగా చేరిన వాహనమునకు జరిమానా విధించు పద్ధతిని అమలుపరచిరి. ఆలస్యమునకు గాక తొందరకు శిక్ష వేయు ఆ నియమము ఎంతయు వివేకము గలది.

విద్యార్థులారా! “మేము కారు నడుపువారము కాము గదా, ఈ మాటలు మాకేల?” అని మీరు తలపవచ్చును. నా ముఖ్యమైన అభిప్రాయము మీ గురించియే. వంజంగి కొండపై మేఘముల నడుమ సూర్యోదయము చూడవలెనని, “తెల్లవారకముందే చేర్చవలెను” అని డ్రైవరునకు ఆజ్ఞ ఇచ్చువారు ఎందరో కలరు. ఆ డ్రైవరు ముందునాటి రాత్రి నిద్రించెనో లేదో ఎవరును అడుగరు. కూలికి వచ్చినవాడు కాదనలేడు. చీకటిలో, పొగమంచులో ఎరుగని మలుపుల వెంట తోలును. అపాయము జరిగిననాడు నింద అతనిపై మాత్రమే పడును. వెనుక కూర్చుండి తొందరపెట్టినవారి పేరు ఎచటను వ్రాయబడదు. ఇది న్యాయము కాదు. తొందరపెట్టినవాడును ఆ తప్పులో భాగస్వామియే.

కావున మీ చేతిలో స్టీరింగు లేకున్నను, మీ నోట మాట కలదు. “అన్నా! మాకు తొందర లేదు, మెల్లగా పోదము” అని డ్రైవరుతో అనుటకు ఏ లైసెన్సును అక్కరలేదు. మంచు దట్టమైనప్పుడు “నాన్నగారూ! దారికి దూరముగా బండి నిలిపి, ఎండ వచ్చిన పిమ్మట పోదము” అని చెప్పుటకు సంకోచింపకుడు. సూర్యుడు రేపును ఉదయించును. కొండలు ఎచటికిని పోవు. చూపు ఆనినంత దూరములో ఆగగల వేగమే తగిన వేగమని గ్రహింపుడు. పెద్దవారై మీరు సారథులైననాడు ఆ మాట మరువకుండుడు.