తెల్లవాళ్లమని కోర్టుకెక్కాం

నిరుడు డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలున్నాను. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఒకాయన, ఆఫీసులో తెల్లవాడికే ప్రమోషనిచ్చారని, ఇది పచ్చి రేసిజమని వాపోయాడు. అందరూ అయ్యో అన్నారు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఇల్లు కొనే మాట వచ్చింది. "అటువైపు వద్దండీ, నల్లోళ్ల ఏరియా" అన్నాడు అదే మనిషి, ఆవకాయ నంజుకుంటూ. అందరూ తలూపారు.

కాలేజీలో చదివే మా మనవరాలు మాత్రం లేచి వెళ్లిపోయింది. రాత్రి పక్కన పడుకుని, "అమ్మమ్మా, భగత్ సింగ్ థింద్ తెలుసా?" అంది. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పినదాన్ని, నాకు తెలియదు.

థింద్ పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే. తాను పైకులం ఆర్యుణ్ణి గనక తెల్లవాణ్ణేనని కోర్టుకెక్కాడు థింద్. పెళ్లి విషయంలో అమెరికావాడు నల్లవాళ్లను ఎలా దూరం పెడతాడో, పైకులం హిందువు ఆదిమజాతులను అలాగే పెడతాడని కూడా ఆయన తరఫున వాదించారు. ఆ వాదనకు సరిగ్గా యాభై ఏళ్ల ముందు, 1873లో, కులంపై పోరాడిన జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరీ’ని బానిసత్వం పోగొట్టిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అదీ మనమే, ఇదీ మనమే.

1922 నవంబరులో సుప్రీంకోర్టు జపాన్‌వాడు ఒజావాను, ఒళ్లు తెల్లగా ఉన్నా కాకేషియన్ కాదు పొమ్మంది. మూడు నెలలకు థింద్‌ను, కాకేషియనే అయినా మామూలు జనం దృష్టిలో తెల్లవాడు కాదు పొమ్మంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, సదర్లాండ్. జాతి ఒంట్లో లేదు, చట్టం దాన్ని తయారుచేస్తుందని క్రిటికల్ రేస్ థియరీ వాళ్లు చెప్పేది ఇదే. వాళ్ల భాష నాకూ కొరుకుడు పడదు. మా అల్లుడికైతే ఆ పేరెత్తితేనే ఒళ్లు మంట, పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారంటాడు.

మా అల్లుడి గ్రీన్‌కార్డు మాటేమిటి మరి? ఆసియావాళ్లకు దాదాపు మూసి ఉన్న తలుపును బార్లా తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. నల్లవాళ్లు లాఠీలు తిని, జైళ్లకెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిన చట్టమది. వాళ్లకు ఓటుహక్కు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.

ఈ మాట ఆ ఆదివారమే అనాల్సింది. మీ ఇంట్లో ఎవరైనా "నల్లోళ్ల ఏరియా" అంటే, నాలా తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంటూ కూర్చోకండి.